తలుపు దగ్గర చెప్పే మాట

అంటేగారు పోయిన రోజున చర్చి ఒక పెద్దదిక్కును పోగొట్టుకుందని అందరూ అన్నారు. ఇంకేం పోగొట్టుకుందో తెలియడానికి కొన్ని నెలలు పట్టింది.

ఆయన అసలు పేరు చాలామంది మరిచిపోయారు. ఆరాధన అయ్యాక పెద్ద తలుపు పక్కన నిలబడి, గొడుగులు వెతుక్కుంటున్న వాళ్లకి పాస్టరు చెప్పిన ప్రకటనలను అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేవారు. "అంటే ఏంటంటే, ఇంట్లో వాడని దుప్పట్లు వచ్చే వారం తెచ్చివ్వాలి. చిరిగినవి వద్దు." అంతే. అరగంట ప్రకటన ఆయన నోట్లో పడితే రెండు మాటలయ్యేది. పాస్టరు ఆయన సొంత తమ్ముడే.

ఆయన భార్య టీచరమ్మ. ఆయన పోయినప్పటి నుంచి వెనక బెంచీలో కూర్చుని, చివరి పాట పూర్తికాకముందే పక్క తలుపు గుండా వెళ్లిపోయేది. పెద్ద తలుపు పక్కన ఖాళీగా ఉన్న ఆ కాస్త చోటు చూడటం ఆమెకు ఇష్టం లేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఒక ఆదివారం పాస్టరు వెలిగిపోతున్న ముఖంతో లేచాడు.

"దేవుడు నాకొక దర్శనం ఇచ్చాడు! ఈ ద్వారాలు తెరవబడతాయి! ఈ మందిరం విశాలమవుతుంది! రాబోయే తరం ఇక్కడి నుంచే లేస్తుంది! శనివారం అందరూ పనిముట్లతో రండి!"

"ఆమెన్!" అని హాలు దద్దరిల్లింది. ఏ పనికి ఏ పనిముట్లో ఎవరూ అడగలేదు. అంత గట్టిగా ఆమెన్ అన్నాక అడిగితే ఏం బాగుంటుంది?

శనివారం పొద్దున టీచరమ్మ వెళ్లేసరికి హాలు సంతలా ఉంది. పాటల బృందాన్ని నడిపే అక్క నేలమీద సుద్దముక్కతో పెద్ద గీత గీస్తోంది. వడ్రంగి మేస్త్రీ గోడను సుత్తితో తట్టి చూస్తున్నాడు.

"అక్కా, స్టేజీ అంతదాకా వస్తే జనం ఎక్కడ కూర్చుంటారు, నీ నెత్తిమీదా?"

"నీ సుత్తి నువ్వు చూసుకో మేస్త్రీ. రాబోయే తరం లేవాలన్నారు. స్టేజీ లేకపోతే గోడెక్కి లేస్తుందా?"

"ఆ గోడ ఉంటేగా! విశాలం చేయాలన్నారు, పడగొట్టడానికే వచ్చా."

"పడగొట్టి, పైకప్పు నీ భుజాల మీద మోస్తావా?"

గుమ్మంలో కుర్చీ వేసుకుని కండక్టర్ తాత కూర్చున్నాడు. ఉద్యోగం బస్సుల్లో చేసి దిగినా, గొంతు మాత్రం దిగలేదు. చర్చి తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. "నాకు తెలుసర్రా ఈ లోగుట్టు! ద్వారాలు తెరవటం అంటే అమ్మేయటమే! ఎవడో వచ్చి కొలతలు కూడా తీసుకుపోయాడు. నేను బతికుండగా ఈ చెవి ఇవ్వను!"

"తాతా, ఆ కొలతలు తీసింది నేనే," అన్నాడు మేస్త్రీ.

పాస్టరు వదినగారిని పాటల పుస్తకాలు పెట్టే గదిలోకి లాక్కుపోయినంత పని చేశాడు. చెమటలు కారుతున్నాయి.

"వదినా, ఇదేంటి? అందరూ ఒప్పుకున్నారు కదా! ఆమెన్ అన్నారు కదా!"

"అన్నారు. ఎవరికి కావలసినదానికి వాళ్లు అన్నారు."

"అన్నయ్య ఉంటే..." అని ఆగిపోయాడు.

ఆమె అరలో ఒరిగిపోయిన పుస్తకాలను నిలబెట్టింది. శనివారం సాయంత్రాలు అన్నదమ్ములిద్దరూ తన వంటింట్లో కూర్చోవడం గుర్తొచ్చింది. తమ్ముడు ఆకాశంలో ఎగిరేవాడు. అన్న మాత్రం, "సరే, అదంతా అయ్యాక అక్కడ ఎవరుంటారు? ఏం చేస్తుంటారు?" అని అడిగిందే అడిగేవారు, టీ చల్లారిపోయేదాకా. ఆమె పక్కన పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వినేది. తలుపు దగ్గర చెప్పే ఆ రెండు మాటలూ ఆ వంటింట్లో పుట్టినవే.

"కళ్లు మూసుకో," అంది, బడిలో పిల్లవాడితో అన్నట్టు. "పనంతా అయిపోయింది. సాయంత్రమైంది. హాల్లో ఎవరున్నారు?"

అతను బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. "పిల్లలు."

"ఎవరి పిల్లలు?"

"మన వీధి చివర మెట్ల మీద కూర్చుంటారే, వాళ్లు. ఇంటికి తాళం. అమ్మలు మిల్లులో షిఫ్టు దిగేదాకా అక్కడే. మొన్న వానలో ఒక పిల్ల పుస్తకాలు గౌను కింద దాచుకుని కూర్చుంది వదినా. మన హాలేమో వారమంతా ఖాళీ."

"పిల్లలేనా?"

"రోజూ ఇద్దరు పెద్దవాళ్లు కూడా ఉండాలి."

"ఇంత చక్కటి మాట ఆదివారం ఎందుకు చెప్పలేదు?"

కళ్లు తెరిచాడు. "మరీ చిన్నదనిపించింది. దర్శనం అన్నాక... పైగా, రోజూ రావాలంటే వద్దంటారేమోనని."

"అంటే అననీ. తెలియక సరేననేకన్నా తెలిసి వద్దనడం నయం."

అతను ప్రసంగ పీఠం వైపు కదిలాడు. "అక్కడ కాదు," అని ఆమె పెద్ద తలుపు పక్కనున్న చోటు చూపించింది. అతను ఒక క్షణం తటపటాయించి, వెళ్లి అక్కడ నిలబడ్డాడు. గదిలో చెప్పిందే చెప్పాడు. ఒక్క ముక్క ఎక్కువ లేదు.

ఎవరూ ఆమెన్ అనలేదు.

"అర్థమైం..." అనబోయిన పాస్టరు వదినగారి ముఖం చూసి సర్దుకున్నాడు. "తాతా, నేనేం చెప్పానో మీరు చెప్పండి."

"సాయంత్రం తాళం తీయాలి. పిల్లల్ని ఎక్కించుకోవాలి. అమ్మలొచ్చాక జాగ్రత్తగా దించాలి." తాత కుర్చీలోంచి లేచాడు. "అయితే అమ్మటం లేదా?"

"లేదు తాతా."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా! వారం నుంచి కంటిమీద కునుకు లేదు. సోమవారం నాది. ఫుట్‌బోర్డు మీద ఒక్కడు నిలబడితే ఒట్టు!"

హాలంతా గొల్లున నవ్వింది. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. "ఆ మెట్ల మీద మా పిల్ల కూడా ఉంటుంది," అన్నాడు మెల్లిగా. వెంటనే వంగి బెంచీ ఎత్తు కొలవడం మొదలెట్టాడు. "ఇది కుదరదు. కాళ్లు నేలకి ఆనాలి. రంపం ఎక్కడ్రా? రంపం!" అంతే, ఒక్కసారి తేనెపట్టు కదిలినట్టయింది. ఒకరు బెంచీలు పట్టారు, ఒకరు దీపాలు చూస్తానన్నారు, ఎవరో అప్పుడే చీపురు అందుకున్నారు.

"అంటే స్టేజీ లేనట్టేనా?" అంది పాటల అక్క.

"లేదక్కా," అన్నాడు పాస్టరు. అతను నలుగురి ముందు అంత సూటిగా లేదనడం అదే మొదటిసారి.

"నేను ఆమెన్ అన్నది స్టేజీకి. అది వెనక్కి తీసుకుంటున్నా." సుద్దముక్క కిటికీలో పెట్టి వెళ్లిపోయింది.

టీచరమ్మ ఆ సుద్దముక్కే తీసుకుని గోడకున్న నల్లబల్ల మీద వారాల పేర్లు రాసింది. వాటి ఎదురుగా వచ్చేవాళ్ల పేర్లు వరసగా పడ్డాయి. భర్త పోయాక, సాయంత్రం బడి వదిలినా ఆమె ఇంటికి వెళ్లేది కాదు. వాచ్‌మన్ తాళాల గుత్తి ఆడించేదాకా స్టాఫ్ రూములోనే కూర్చునేది. మంగళవారం ఎదురుగా తన పేరు రాసుకుంది. కాసేపు ఆలోచించి గురువారం ఎదురుగా కూడా రాసింది.

ఇంటికి వెళ్లేటప్పుడు పెద్ద తలుపు గుండా వెళ్లింది. పాస్టరు ఇంకా అక్కడే నిలబడి, ఆలస్యంగా వచ్చిన వాళ్లకి మళ్లీ మొదటి నుంచి చెబుతున్నాడు. "అంటే ఏంటంటే..."

సగం బెంచీలకే కాళ్లు కోయడం అయింది. పాటల అక్క తిరిగి రాలేదు. శుక్రవారం సాయంత్రానికి ఇంకా ఎవరూ దొరకలేదు.