గాలి చాలడం లేదు

వసీఫా వేప్ అనే బ్యాటరీ సిగరెట్టు గొట్టాన్ని పెదవులకు ఆనించి ఉఫ్‌మని ఊదింది. లోపల ఇరుక్కున్న జిగురు బొట్టుగా కాగితం మీద పడింది. మూతిని వేడినీళ్ళలో కడిగి, మాడిన దూది తీసి కొత్తది పెట్టి, మీట నొక్కకుండా ఒకసారి పీల్చి చూసింది. గాలి సాఫీగా వచ్చింది. మిచెల్స్ ప్లేన్ ఊళ్ళోని టాక్సీ స్టాండులో, సమోసాల బండి పక్కన, పాడైన వేప్‌లు బాగుచేయడమే ఏళ్ళ తరబడిగా ఆమె పని.

"ఇదిగో, మళ్ళీ మొరాయించింది," అంటూ ఇగ్షాన్ తన వేప్‌ను బల్ల మీద పెట్టాడు. టాక్సీ వ్యాను కిటికీలోంచి తల బయటపెట్టి "వైన్‌బర్గ్! వైన్‌బర్గ్!" అని వెళ్ళే ఊరి పేరు కేకేసి జనాన్ని పిలవడం అతని ఉద్యోగం. ఒకప్పుడు ఆ కేకకు పక్కనున్న రైలు స్టేషన్ మెట్ల మీది పావురాలు లేచిపోయేవి.

"మొన్ననే కదన్నా బాగుచేశాను?"

"దానికి ఉపవాసం పట్టింది చెల్లీ. గాలి కూడా మింగట్లేదు. గాలి రంధ్రం కాస్త పెద్దది చెయ్యి, సాయంత్రం తీసుకుంటా."

"ఇంకా పెద్దది చేస్తే ఈల ఊదుకోవాలి నువ్వు."

"ఊదుకుంటాలే. కేక ఎలాగూ రావట్లేదుగా!"

నవ్వబోయి దగ్గాడు. బల్ల అంచు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఏం ముసలోడా, పెళ్ళిచూపులా?" అతని టాక్సీ డ్రైవర్ ఫైజల్ హారన్ కొట్టాడు. ఇగ్షాన్ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

వసీఫా అతని వేప్ మూతి తుడిచి పీల్చి చూసింది. ఏ అడ్డూ లేదు. పోయిన వారమూ లేదు, అంతకుముందూ లేదు. లోపం వేప్‌లో లేదని ఆమెకు తెలుసు. ప్రతిసారీ ఆస్పత్రికి వెళ్ళన్నా అనే మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఒకరి ఊపిరి గురించి మాట్లాడటానికి తనెవరు అనుకునేది. సన్న బరమా తీసి రంధ్రాన్ని ఇంకాస్త తొలిచేది. పెద్ద రంధ్రంలోంచి పీలిస్తే అతని ముఖం కొన్నాళ్ళు తేటపడేది మరి. ఈరోజూ తొలిచింది. సాయంత్రం మాత్రం తప్పకుండా చెప్పాలనుకుంది.

మధ్యాహ్నం ఫైజల్ టాక్సీ వచ్చి ఆగింది. కిటికీలో ఎవరూ లేరు. కేక లేదు. వసీఫా చేతిలో దూది అలాగే ఉండిపోయింది.

ఫైజల్ దిగి, బల్ల దగ్గరికి వచ్చి నేల చూశాడు. "వైన్‌బర్గ్‌లో మంచినీళ్ళడిగాడు. నేను తెచ్చేలోపే పోయాడు. సాయంత్రం నమాజు కాగానే ఖబరస్తానుకు తీసుకెళ్తారు."

ఆమె దూదిని బల్ల మీద పెట్టింది.

"పొద్దున బండిలో అన్నాడు," అన్నాడు ఫైజల్. "వసీఫా చేతిలో పెట్టాను, ఇంక అంతా సర్దుకుంటుందని."

అతను వెళ్ళాక ఆమె సామానంతా పెట్టెలో సర్దింది. ఒక్కటి సర్దలేకపోయింది. శుభ్రంగా తుడిచిన ఇగ్షాన్ వేప్ ఖాళీ బల్ల మీద ఉంది. సముద్రపు గాలి దాని పెద్ద రంధ్రంలో దూరి సన్నగా ఈల వేసింది.