తాత సరిచేసిన కుండలు

పెద్దాయన కుమ్మరి. ఆయన పనికి వంక పెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు. పచ్చికుండ కాస్త వంకరగా కనబడితే ఆయన ఊరుకున్నదీ లేదు. చిక్కంతా ఆ రెండో గుణంతోనే వచ్చింది.

కూతురు బడిలో పంతులమ్మ. పాతకాలపు చేతిపనులన్నీ పిల్లల చేతే చేయించాలని ఆ వారమంతా పూనుకుంది. చాపలల్లే ఆవిడ వచ్చి వెళ్ళింది, మగ్గం ఆయనా వచ్చి వెళ్ళాడు. మట్టి వంతు వచ్చేసరికి, చాలా ఏళ్ళ తర్వాత తండ్రిని నోరు తెరిచి సాయం అడిగింది. ఇక పెద్దాయనకు కాళ్ళు నేలమీద నిలవలేదు. పెళ్ళికి వెళ్తున్నట్టు తెల్లచొక్కా తొడుక్కుని మరీ వెళ్ళాడు, మట్టి పిసకడానికి!

పిల్లలు నానా గోలా చేస్తూ పని కానిచ్చారు. మూతి పక్కకు పోయిన ముంతలు, పొట్ట జారిన కుండలు. బోసినోటి పిల్ల ఒకతి తన కుండ చుట్టూ బొటనవేలితో గుంటలు నొక్కుకుంటూ పోయింది.

"ఇవేంటమ్మా?" అని అడిగాడు.

"మెట్లు తాతా. చీమలు ఎక్కాలి కదా!"

సాయంత్రం పిల్లలు వెళ్ళాక కూతురు ఆ బడిగది తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "నాన్నా, బీటలు పడకుండా తడిగుడ్డ కప్పేసి, తాళం వేసుకుని వచ్చెయ్."

కప్పి రావచ్చు కదా! గుడ్డ పట్టుకుని మొదటి కుండ దగ్గర ఆగాడు. మూతి వాలి ఉంది. వేలు తడిచేసి ఒక్కసారి తిప్పాడు. పని నేర్చుకునేవాళ్ళు చేసిన పచ్చికుండలను చీకటి పడేలోగా పెద్దవాళ్ళు ఓసారి సరిచేసిపోవడం వాళ్ళ ఇంట్లో ఉన్నదే. ఆయన తండ్రి చేశాడు, ఆయనా చేశాడు. చెయ్యి దానంతటదే పోతుంది. రెండోది, మూడోది, ఆ పక్కది. చీమల మెట్లు కూడా నున్నగా పూడ్చేసి, అన్నిటినీ వరుసగా పేర్చి, హమ్మయ్య అనుకున్నాడు. పొద్దున చూసి పిల్లలు ఎగిరి గంతేస్తారని దారంతా మురిసిపోయాడు.

మర్నాడు గుడ్డ తీసి చూసిన పిల్లలు ఎగరలేదు, గంతెయ్యలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "నాదేది?" "ఇది నాది కాదు." బోసినోటి పిల్ల ఒక్కో కుండనూ వేలితో తడిమి చూసింది.

"తాతా, నా మెట్ల కుండ ఏది?"

"ఇదేనమ్మా. బాగుచేశాను," అన్నాడు నవ్వబోతూ.

"బాగాలేదని ఎవరన్నారు?" ఆ పిల్ల కుండను అవతలికి నెట్టేసింది.

పెద్దాయనకు తల కొట్టేసినట్టయింది. ఆదుకుంటుందేమోనని కూతురి వైపు చూశాడు. ఆమె కోప్పడలేదు. కోప్పడినా బతికిపోయేవాడు.

"మళ్ళీనా నాన్నా," అంది మెల్లగా. "చిన్నప్పుడు నేను చేసినవన్నీ ఇలాగే చేసేవాడివి. పొద్దున లేచి చూస్తే నాది ఉండేది కాదు. మనింట్లో నా చేత్తో చేసింది ఒక్కటైనా ఉందా?"

ఆయన మనసులోనే ఇల్లంతా వెతికాడు. అటక మీద, వసారాలో, నీళ్ళ గట్టు దగ్గర. ఒక్కటీ లేదు. కూతురికి మట్టి అంటే నామోషీ అని, నాలుగు అక్షరాలు రాగానే చెయ్యి కడిగేసుకుందని ఇన్నేళ్ళూ చుట్టాలందరి ముందూ దెప్పుతూ వచ్చాడు. ఆ మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తెల్లచొక్కా వేసుకొచ్చినందుకు కూడా సిగ్గేసింది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు. బోసినోటి పిల్ల తనతో అన్నాడనుకుని సరేనని తలూపింది. కూతురు వెళ్ళి మట్టి తెచ్చింది.

పిల్లలు మళ్ళీ మట్టి తీసుకున్నారు. ఆయన చేతులు రెండూ చంకల్లో ఇరికించుకుని గోడవార కూర్చున్నాడు. కాసేపటికి కూతురు కూడా వాళ్ళ మధ్య చతికిలబడి ఓ ముద్ద తీసుకుంది. ఆమె చేసిన ముంత ఓ పక్కకు ఒరిగింది. అడుగు మరీ మందం, మూతి వంకర. వేలు తడిపి ఒక్కసారి తిప్పితే చాలు. ఆయన చేతులు చంకల్లో కదిలాయి. వాటిని ఇంకా గట్టిగా అదిమిపెట్టుకున్నాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె తడిగుడ్డ అందుకుంది. ఆయన లేచి, జేబులోంచి తాళంచెవి తీసి, అడగకముందే బల్లమీద పెట్టాడు.

"నువ్వే వేసుకో అమ్మడూ. నన్ను నమ్మకు."

ఆమె కుండలన్నిటికీ గుడ్డ కప్పి, గదికి తాళం వేసింది. తాళంచెవి తీసి తన సంచిలో వేసుకుంది.