మూడో ఆకు

విశాఖపట్నం గాలి మంచిదని చెప్పిన డాక్టరు అక్కడి నిశ్శబ్దం సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే నూకరత్నం మొగుణ్ణి చోడవరంలోనే ఉంచేసేది.

మొగుడు బంగార్రాజు బెల్లం వండే మనిషి. చోడవరం చుట్టుపట్ల ఏ గానుగ దగ్గర పెనం పొయ్యెక్కినా పాకం చూడ్డానికి అతను రావలసిందే. వేలితో తీసి నాలిక్కి రాసుకుని దింపమంటే దింపడమే. ఇరవై ఏళ్ళు ఆ పొగ మింగి మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. సముద్రపు గాలి తగిలితే కోలుకుంటాడన్నారు. ఆశ్వయుజం వానల్లో బస్సెక్కించి, పెన్షను పుచ్చుకునే గుమాస్తా వేంకటరమణమూర్తి గారింట్లో వెనకవాటా గది అద్దెకు తీసుకుని పెట్టింది.

అదేం వీధి, తల్లీ! కాకి కూడా పర్మిషను తీసుకుని అరిచేదేమో అనిపించేది. పక్కింటివాళ్ళు ఉన్నారో పోయారో తెలియదు. రోట్లో పచ్చడి నూరితే మూర్తిగారు కిటికీలోంచి దగ్గేవారు. వీధి చివర సముద్రం ఒక్కటే ఎవరికీ జడవకుండా హోరెత్తేది. ఊళ్ళో గానుగలు తిరిగే రోజులొచ్చేసరికి బంగార్రాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు నెలలు మంచి గాలి పీల్చి పుల్లలా తయారయ్యాడు. గంజి పట్టబోతే గిన్నె తోసేసేవాడు.

మాఘమాసంలో నూకరత్నం తమ్ముడు పరదేశి చూడ్డానికొస్తూ నాలుగు చెరుకు ముచ్చెలు తడిగోనెలో చుట్టి తెచ్చాడు. నాటుకునే ముక్కలవి, బావకి ఊరి వాసనైనా తగులుతుందని అతని ఆశ. బంగార్రాజు ఆ ముక్కల కణుపుల మీది మొలక కళ్ళు వేళ్ళతో తడిమి, చాన్నాళ్ళకి నోరు విప్పాడు.

"ఇయ్యి పాతిపెట్టే, రత్నం. మూడాకులేస్తే నానూ లెగుస్తాను."

మునిగేవాడికి గడ్డిపోచ ఆధారమంటారు. ఈవిడకి చెరుకు ముచ్చె దొరికింది.

పెరడంతా ఇసక. వీధి వెనకాల సముద్రంలో కలిసే వాగు ఒకటుంది, గెడ్డంటారు. వచ్చిన కొత్తలో, వానలప్పుడు, ఆ నీళ్ళు దోసిట పట్టి తాగి చూసింది కూడా, తియ్యగా ఉన్నాయి. చోడవరం వైపు గెడ్డ నీరు ఒకసారి తియ్యగా ఉంటే పన్నెండు నెలలూ తియ్యనే. ఆ ఊరి తెలివే ఆవిడ కొంప ముంచింది. గట్టున నల్లటి బురద చూసి, ఇంత మంచి మడి ఎవరూ దున్నరేమని ఈ పట్నం వాళ్ళని తిట్టుకుని మరీ పాతింది. ఉదయం సాయంత్రం ఆ గెడ్డ నీళ్ళే కడవతో పోసింది.

రోజూ లేస్తూనే ఎన్నాకులని అడిగేవాడు. ఒకటి మొలిచింది. రెండోది కనిపించిన రోజున అడిగి మరీ గంజి తాగాడు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కుండా ఆకుల అంచులు మాడాయి. అనుమానమొచ్చి నీళ్ళు నోట్లో పోసుకుంది. ఉప్పు. వట్టి సముద్రం. వానలు వెనకబట్టాక పోటు వచ్చినప్పుడల్లా సముద్రమే గెడ్డలోకి ఎక్కొస్తోంది. కుళాయి దగ్గర వరసలో నిలబడి మంచినీళ్ళు మోసింది. కడవలు మోసి నడుం విరిగింది గాని మొలక బతకలేదు. నాలుగూ ఎండిపోయాయి.

ఆ సాయంత్రం అడిగితే, మూడోది తొంగిచూస్తోందని చెప్పేసింది. నోరెలా వచ్చిందో దేవుడికెరుక. అతను మొహం ఇటు తిప్పి, పొద్దున్నే తనని తీసుకెళ్ళమన్నాడు.

ఇంకేం చేస్తుంది? బజారుకి పరుగెత్తి, చెరుకు గెడలమ్మే బండి కింద పడేసిన మొవ్వుల్లోంచి మూడు లేతాకులు ఏరుకుంది. రవిక కుట్టుకునే దారంతో ఎండిన మొలకకి కట్టేసింది.

మర్నాడు బంగార్రాజు నిజంగానే లేచాడు. ఆవిడ భుజం పట్టుకుని, ఏడుచోట్ల ఆగి, గెడ్డ చేరాడు. గట్టున కూలబడి ముందు చిటికెడు బురద తీసి నాలిక్కి రాసుకున్నాడు. నూకరత్నం కళ్ళు మూసుకుంది. తర్వాత ఆకులు తడిమాడు. వేలు దారం దగ్గర ఆగింది.

ముడిని వేలికొసతో సవరించాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"దారం వొదులుగా కట్టాలే. కాడ నలిగిపోతాది."

మళ్ళీ ఏడుచోట్ల ఆగి ఇల్లు చేరారు. అన్నమాట ప్రకారం లేచాను గదా అని, రెండు గుక్కలు గంజి కూడా తాగాడు. ఆవిడకి గుండె పగిలిపోతోంది. ఆ గదిలో ఏడిస్తే అతను వింటాడు. వీధిలో ఏడిస్తే ఊరంతా వింటుంది. కొంగు నోట్లో కుక్కుకుని సముద్రం ఒడ్డుకి పరుగెత్తింది. ఆ హోరులో నిలబడి, గొంతు పోయేదాకా, ఎవరికీ వినపడకుండా ఏడ్చింది.

మొహం తుడుచుకుని తిరిగొచ్చేసరికి అతను గోడవైపు కాదు, గుమ్మం వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నాలుగోది ఎప్పుడేస్తాదే?" అని అడిగాడు.

రేపు పొద్దున్నకల్లా వేస్తుందని చెప్పి, నూకరత్నం దారపుండ కోసం వెతుక్కుంది.