హిడ్మే పేరున్న జాబితా

కోంట చుట్టుపక్కల ఊరూరా సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బుకు పరీక్షలు చేసే ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. అందులో నాగలక్ష్మి డేటా పని చూస్తుంది. ఎవరికి జబ్బుందో, ఎవరికి జబ్బు లేకపోయినా రక్తంలో లక్షణం ఉందో, అన్నీ ఆమె కంప్యూటర్ నుంచే క్లౌడ్‌లోకి వెళ్తాయి.

ఫిబ్రవరిలో విరాళాలిచ్చేవాళ్లు ఒక పట్టిక అడిగారు. ఎడమ గడిలో క్లౌడ్ భద్రతా ప్రమాణాలు, కుడి గడిలో కొత్త వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. ఒక్కో అంశంలో సంస్థ ఎక్కడుందో రాయాలి. జగ్‌దల్‌పూర్ నుంచి మేనేజరు చక్రధరరావు ఫోన్ చేసి, వారంలో పంపమన్నాడు.

ఎడమవైపు తేలిగ్గానే నిండింది. పాస్‌వర్డులున్నాయి. ఏ ఫైలు ఎవరు ఎప్పుడు తెరిచారో తెలిపే లాగ్ ఉంది. అన్నిటికీ "ఉంది" అని రాసుకుంటూ పోయింది.

మూడోరోజు మరైగూడ నుంచి హిడ్మే వచ్చింది. ఇరవై ఏళ్ల దోర్ల తెగ పిల్ల. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అక్కా, నా రక్తం సంగతి బాబూరావుకు ఎట్ల తెలిసింది?"

బాబూరావు వయసొచ్చిన పిల్లల్ని బట్టల ఫ్యాక్టరీ పనికి పంపే ఏజెంటు. హిడ్మేతోపాటు పేరు రాయించుకున్న పన్నెండుమందినీ తీసుకుపోయి, ఆమెనొక్కదాన్నే వద్దన్నాడట.

"నీ రక్తం మంచిగ లేదు, ఆడ పడిపోతే నాకు తలనొప్పి అన్నడు. కాయితం చూపించిండు. అండ్ల నా పేరుంది."

"నీకు జబ్బు లేదు హిడ్మే. లక్షణమే. ఏ పనైనా చేసుకోవచ్చు."

"నాకు తెలుసు. నువ్వే చెప్పినవు గద. ఆయనకు ఎవరు చెప్పిన్రు?"

చూసి చెప్తానని నాగలక్ష్మి ఆమెను పంపేసింది. ఎవరో దొంగతనంగా చొరబడి ఉంటారనుకుని లాగ్ తెరిచింది. నవంబరు పద్నాలుగు, ఉదయం పదకొండూ ఇరవై. పరీక్ష ఫలితాలతో సహా నూట ఆరుగురి జాబితా దించుకున్నారు. దించుకున్నది నాగలక్ష్మి.

అప్పుడు గుర్తొచ్చింది. పిల్లలకు ఉద్యోగాలిప్పిస్తాడట, మన లిస్టు బాబూరావుకు పంపమని చక్రధరరావు చెప్పాడు. పంపింది. పంపి అన్నం తింది. ఆ రోజు గురించి అంతకుమించి ఏమీ గుర్తులేదు. భయమో సిగ్గో వస్తుందని కాసేపు చూసింది. ఏదీ రాలేదు. ఫోన్ తీసుకుంది.

"ఎవరైనా దొంగిలించారా?" అన్నాడు చక్రధరరావు సంగతంతా విని.

"లేదు సార్. నేనే పంపాను. మీరు పంపమన్నారు."

"మరింకేం. అనుమతి ఉన్న మనిషే తీసింది. భద్రతలో లోపం లేదు."

"చట్టం అలా అనట్లేదు సార్. పరీక్ష కోసం తీసుకున్న వివరాలు ఇంకో పనికి వాడాలంటే వాళ్లను మళ్లీ అడగాలి."

"ఆ భాగం ఇంకా అమల్లోకి రాలేదమ్మా. చాలా టైముంది. ఉంది అని రాసెయ్."

నాగలక్ష్మి కుడి గడిలో ఆ అంశం ఎదురుగా "లేదు" అని రాసింది. నూట ఆరుగురి వివరాలు వాళ్లను అడగకుండా బయటి మనిషికి ఇచ్చామనీ, పంపింది తనేననీ, పంపమన్నది చక్రధరరావు గారనీ దాని కింద రాసింది. పట్టిక పంపేసి ఇంటికెళ్లింది. ఏం కూర వండమంటావని అమ్మ అడిగితే ఏదైనా అంది.

మర్నాటి నుంచి జాబితాలో ఉన్నవాళ్లకు జరిగింది చెప్పడానికి ఆరోగ్య కార్యకర్త ఇర్మాను వెంటబెట్టుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది. ఆమె తెలుగులో చెప్తే ఇర్మా వాళ్ల దోర్లి భాషలో చెప్పేది. గొల్లపల్లిలో మంగు అనే ముసలాయన అంతా విని, "మల్ల రక్తం తీస్తరా?" అన్నాడు. లేదంటే, "అయితే పోయిరా" అన్నాడు. ఒకావిడ తిట్టింది. నాగలక్ష్మి నిలబడి విన్నది.

మరైగూడలో హిడ్మే వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతోంది.

"ఆ కాయితం పంపింది నేనే," అంది నాగలక్ష్మి.

హిడ్మే చెయ్యి ఆగింది. "నువ్వా?"

"నేనే. నిన్ను అడగాల్సింది. అడగలేదు."

"అడిగితే వద్దందును."

"తెలుసు."

"ఇప్పుడు బాబూరావు దాన్ని చింపుతడా?"

"చింపేశానన్నాడు. నిజమో కాదో నాకు తెలియదు."

హిడ్మే మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. పొట్టు ఎగిరి నాగలక్ష్మి చీర మీద పడింది. ఇర్మా ఇక వెళ్దామని సైగ చేసింది.

మార్చిలో విరాళాలిచ్చేవాళ్లు చక్రధరరావును వేరే జిల్లాకు మార్పించారు. నాగలక్ష్మిని ఎవరూ ఏమీ అనలేదు. ఫ్యాక్టరీలో హిడ్మే చోటు అప్పటికే ఇంకో పిల్లకిచ్చేశారు. హిడ్మే తనే పని వెతుక్కుని, కోంటలో ఒక హాస్టల్ వంటగదిలో పనికి కుదిరింది.

జాబితాలో ఇంకా నలభై ఒక్కమందికి చెప్పాలి. శనివారం ఉదయం నాగలక్ష్మి ఇర్మాతో కలిసి జీపెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, మొదటి ఇంట్లో ఏం చెప్పాలో లోపల్లోపల అనుకుంది. సగంలోనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. లాగ్ తెరిచిన రోజు నుంచి ఈ నెల రోజుల్లో అదే మొదటిసారి.