పొదిగే కోడి కోసం

హుకుంపేట సంతలో మంగరాజు అందించిన కోడిని పట్టుకుని ముక్కును వెలుతురుకి తిప్పి చూశాను. కొస కత్తిరించి ఉంది. ఒళ్లు మండిపోయింది.

"ఏటి మంగరాజూ, ఇది నాటుకోడా? ఫారంలో ముక్కు కోసినదాన్ని నాకు అంటగడతావా?"

"రంగు సూడు అంతోనమ్మప్పా! పొదుగుకొచ్చిన కోడి. బేగి తీసుకో, నా బండి ఎలిపోతాది."

పోయినేడు ఇలాంటి రంగు చూసే మోసపోయాను. అది గుడ్లు పెట్టింది గానీ ఒక్కనాడూ పొదగలేదు. అందుకే ఈసారి పశువుల ఆసుపత్రిలో పనిచేసే సుజానాని వారం రోజులు విసిగించి అన్నీ తెలుసుకున్నాను. ముక్కు చూడాలి, కోసి ఉంటే ఫారం కోడి, పొదగదు. పొట్ట కింద ఈకలు రాలి వేడిగా ఉందేమో తడమాలి. చివరికి గుడ్డు చూపించాలి.

గుడ్లు నా బుట్టలోనే ఉన్నాయి, తవుడులో. తొమ్మిది. నా కోళ్లు మూడింటినీ అడవిపిల్లి చంపేసింది. మా అమ్మమ్మ నాటి నుంచి మా ఇంట్లో పెరిగిన జాతి, ఇక మిగిలింది ఈ గుడ్లే. పది రోజులు దాటితే పిల్ల లేవదంటారు. ఇవాళ పదో రోజు. పొదిగే కోడి ఇప్పుడు దొరక్కపోతే ఆ జాతి నా చేతుల్లోనే అయిపోయినట్టు.

ఒక గుడ్డు తీసి ఆ రంగుల కోడి ముందు పెట్టాను. దాన్ని తొక్కుకుంటూ పోయింది. గుడ్డు పగల్లేదు గానీ నా ప్రాణం పోయినంత పనైంది.

అప్పుడు వెనక నుంచి క్లుక్కు క్లుక్కుమని వినిపించింది. కాళ్లు కట్టి పడేసిన ఒక బక్క కోడి ఈకలన్నీ ఉబ్బించుకుని కూర్చుంది. పొట్ట తడిమాను. కాలిపోతోంది.

"దాన్ని ముట్టుకోకప్పా, అమ్మేసినాను," అన్నాడు మంగరాజు.

కొన్న పైడయ్య సంచితో రానే వచ్చాడు. "మా అల్లుడొచ్చినాడు. కూరకి."

"మావా, నీ కాళ్లట్టుకుంటాను. ఇదొక్కటీ వొదిలీ."

"సంతలో కోళ్లకేటి కరువు? ఇంకోటి సూసుకో," అంటూ వంగాడు.

ఇంక ఆలోచించలేదు. గుడ్లన్నీ తీసి కోడి ముందుకి తోశాను. అది కట్టేసిన కాళ్లతోనే ఈడ్చుకుంటూ ముక్కుతో ఒక్కొక్కటీ పొట్ట కిందకి లాక్కుంది. పైడయ్య చెయ్యి పెడితే పొడిచింది. మళ్లీ పెట్టాడు. ఈసారి నెత్తురొచ్చింది. చుట్టూ జనం నవ్వారు.

"లాగు మావా! గుడ్ల మీంచి లాగి కొయ్యి! నీ అల్లుడికి పెట్టు!" ఏడుస్తూ అరిచాను.

పైడయ్య వేలు నోట్లో పెట్టుకుని కోడి వైపు చూశాడు. తరవాత మంగరాజు వైపు తిరిగాడు. "ఆ రంగుదాన్ని నా సంచిలో ఎయ్యి. కూరకి ఏదైతే ఏటి?"

గొంతుకూర్చుని, పొడిపించుకున్న ఆ చేత్తోనే కోడి కాళ్ల ముడి విప్పాడు.

"బుట్ట ఇలాగట్టు అంతోనమ్మా. గుడ్లు సల్లారిపోతాయి."

గంట నుంచి సంతంతా దద్దరిల్లేలా అరిచిన నేను కళ్లు తుడుచుకుని, తవుడు సర్ది బుట్ట పట్టాను.