అమ్మమ్మ కుర్చీకి కనెక్షన్

అణు విద్యుత్ కేంద్రం వాళ్ళు కరెంటు తయారు చేశాక మిగిలిన వేడిని ఏళ్ళ తరబడి నదిలో పారబోశారు. దానివల్ల సుఖపడిన వాళ్ళెవరైనా ఉంటే చేపలే. ఆ వేడితో కాగిన నీళ్ళను గొట్టంలో మా వీధికి పంపుతామన్నప్పుడు, అందరికంటే ముందు సంతకం పెట్టింది మా అమ్మమ్మ. చలికాలం వస్తే ఆవిడ మోకాళ్ళు పట్టేస్తాయి, మంచం దిగలేదు.

గదిగదికీ గోడకు ఇనుప పలక బిగించి, దాని లోపల వేడినీళ్ళు తిప్పారు. మొదటి నెల అమ్మమ్మ తన కాఫీ తనే కలుపుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రెండో నెల, ఎవరెంత వేడి వాడారో లెక్క చూసే మీటరాయన వచ్చి చావు కబురు చల్లగా చెప్పాడు.

“వేడి ఊరికే వస్తుందమ్మా. ఖర్చంతా గొట్టానిదే. మీరింత పొదుపుగా వాడితే అది గిట్టుబాటు కాదు. వచ్చే నెలా ఇంతే అయితే పీకేస్తారు.”

“మరేం చేయమంటారు?”

“వాడండి. కిటికీలు తీసి పెట్టుకోండి.”

వీధి వీధంతా కిటికీలు తీసింది. మీటర్లు గిర్రున తిరిగాయి, ఇళ్ళలో మేం గజగజ వణికాం. అమ్మమ్మ మోకాళ్ళు మళ్ళీ మొదటికొచ్చాయి. అయినా ఆవిడ గట్టిది. వేడి ఎటు పోతోందో చూసి, బయట మా కిటికీ కిందే కుర్చీ వేయించుకుంది.

మీటరాయన చూడనే చూశాడు. “బయట వాడుకోవడానికి కనెక్షన్ ఉందా, మామ్మగారూ?”

“లేదు నాయనా. ఇస్తావా?”

నాకు ఒళ్ళు మండి నాలుగు మాటలన్నాను. ఆయన పట్టించుకోకుండా దరఖాస్తు తీశాడు. గది కొలతలు అడిగితే అమ్మమ్మ ఆకాశం వైపు చూపించింది. ‘హద్దులు లేవు’ అని రాసుకున్నాడు.

వారంలో కుర్చీ ఎదుట నిలువెత్తు పలక లేచింది. ఆరుబయట ఎంత వేడైనా చాలదు కదా, వీధంతా వాడాల్సిన వేడిని అదొక్కటే మింగేసింది. లెక్క నిండింది, గొట్టం పీకే మాట పోయింది. కిటికీలు మూసుకున్నాం, ఇళ్ళు వెచ్చబడ్డాయి. నిబంధన ఒకటే: వాడే మనిషి ఎదురుగా ఉంటేనే ఆ పలక నడుస్తుంది.

అందుకని అమ్మమ్మ రోజంతా రెండు దుప్పట్లు కప్పుకుని అక్కడే కూర్చుంటోంది. ముందు వైపు కాలిపోతుంటుంది, వెనక వైపు గడ్డకట్టుకుపోతుంటుంది. నేను పూటపూటా వెళ్ళి బతిమాలుతున్నాను.

“లోపలికి రా అమ్మమ్మా.”

“లోపల వెచ్చగా ఉందా?”

“ఉంది.”

“అయితే పోయి తలుపు వేసుకోవే. వేడంతా బయటికి పోతుంది.”