మంత్రసాని చేతి వణుకు

మంత్రసాని చేతులు వణుకుతున్నాయన్న పుకారు పేటంతా పాకింది. దాన్ని పుట్టించింది ఆవిడే.

ఆరు నెలల కిందట విదేశాల నుంచి ఒక సంస్థవాళ్ళు ఆరోగ్య కేంద్రానికి వచ్చారు. పురుళ్ళు పోసేవాళ్ళకు శిక్షణ ఇవ్వడం, ఆడపిల్లలకు చిన్నతనంలోనే మర్మస్థానం దగ్గర కోత పెట్టే పాత అలవాటును మాన్పించడం వాళ్ళ పని. ఆ కోత పెద్దయ్యాక కాన్పును ఎంత కష్టం చేస్తుందో ఆ కేంద్రంలోని నర్సమ్మ బొమ్మ గీసి చూపించింది. అది చూస్తుంటే మంత్రసానికి తన కూతురి మొదటి కాన్పు కళ్ళ ముందు మెదిలింది. రెండు రోజుల నొప్పులు. తల్లీ బిడ్డా దక్కడమే గొప్ప. చిన్నప్పుడు ఆ కూతురికి కోత పెట్టిందీ తనే. ఆ రోజుతో ఆ పని వదిలేసింది.

వదిలేసిందే గాని, వదిలేశానని నోరు విప్పి చెప్పలేదు. నలుగురితో మాట పడడం ఆవిడకు చేతకాదు. ఎవరైనా పిల్లను వెంటబెట్టుకుని వస్తే, "చేతులు వణుకుతున్నాయమ్మా, ఇక నావల్ల ఏమవుతుంది" అని మంచం మీద చతికిలబడేది. నమ్మకం కుదరడానికి గ్లాసులో నీళ్ళు కాస్త తొణికించేది కూడా. అలా పదకొండు మంది పిల్లలు క్షేమంగా ఇళ్ళకు తిరిగి వెళ్ళారు.

అయితే చేతులు వణికేదాన్ని పురిటికి మాత్రం ఎవరు పిలుస్తారు? పిలుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

సంగతి తెలిసింది కూతురికొక్కదానికే. ఆ పిల్లకు మళ్ళీ నెలలు నిండాయి. "మానేశానని నలుగురిలో చెప్పమ్మా. చెప్పేదాకా నా పురిటి గదిలో అడుగు పెట్టొద్దు. ఈసారి ఆడపిల్ల పుడితే దాన్ని కాపాడేదేమిటి, నీ వణుకుడు గ్లాసా?" అంది.

శిక్షణ ముగిసి పరీక్ష రోజు వచ్చింది. రబ్బరు బొమ్మకు పురుడు పోసి చూపించాలి. నెలనెలా చూపించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మం దగ్గర మూగారు. కూతురూ వాళ్ళలోనే ఉంది. సంస్థ డాక్టరమ్మ ఏదో అంటే నర్సమ్మ తెలుగులో చెప్పింది: "పెద్దమ్మా, నీ చేతులు వణుకుతాయని పేటలో అంటున్నారట. అది నిజమైతే పత్రం ఇవ్వలేమంటున్నారు. పత్రం లేకపోతే ఇక పురుళ్ళు పొయ్యకూడదు."

మంత్రసాని చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుని బొమ్మ దగ్గర కూర్చుంది.

"ఊపిరి తీసుకో తల్లీ. కంగారేం లేదు. మీ అత్తను బయటికి పంపించేశాన్లే," అంది బొమ్మతో.

గుమ్మం దగ్గర నవ్వులు. బొమ్మ తల బయటికొచ్చింది, భుజం తిరిగింది, బొడ్డుకు ముడి పడింది. ఆ వేళ్ళు ఎక్కడా తడబడలేదు.

నవ్వులు ఆగకముందే గుంపులోంచి, పేటలో బట్టలు కుట్టే కుట్టుపనామె గొంతు లేచింది. "ఇదేంటి పిన్నీ! రెండుసార్లు మా పిల్లను తెస్తే రెండుసార్లూ నా ఒళ్ళో నీళ్ళు ఒలకబోశావే! ఇవాళ ఎక్కడికి పోయింది ఆ వణుకు?"

మందు పడిందమ్మా, తగ్గింది అనే మాట మంత్రసాని నాలుక చివరిదాకా వచ్చింది. కూతురు గోడకు ఆనుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆవిడనే చూస్తోంది.

"వణుకు లేదు. ఎప్పుడూ లేదు," అంది మంత్రసాని. "ఆ పాడు పని ఇక చెయ్యలేక అబద్ధమాడాను. రేపు తెచ్చినా చెయ్యను, ఎల్లుండి తెచ్చినా చెయ్యను. ఎవరి పిల్లకూ చెయ్యను. తిట్టేవాళ్ళు తిట్టుకోండి."

కుట్టుపనామె నెత్తి కొట్టుకుంది. "నా కొంప ముంచావు పిన్నీ! వణుకుతాయని తెలిసే కదా నీ దగ్గరికి తెచ్చాను! వణకని చేతులు పక్క వీధిలో లేవా ఏం? మా అత్త పోరు పడలేక తెచ్చేదాన్ని, నువ్వు కాదనగానే హాయిగా వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు ఆవిడకేం చెప్పను?"

"నేనూ అంతేనమ్మా," అంది వెనక నుంచి ఇంకొకామె. "నేనూను," అంది మరొకతె. నర్సమ్మ ఇదంతా డాక్టరమ్మకు వివరించడానికి చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. నవ్వుతూనే పత్రం మీద సంతకం పెట్టింది.

"మీ అత్తకేం చెప్పాలో నేనే చెబుతాను, పద," అంది మంత్రసాని కుట్టుపనామెతో.

కుట్టుపనామె అత్త వాకిట్లోనే తగులుకుంది. కాలం చెడిందంది, నీకు మతి చెడిందంది. మంత్రసాని పీట వేసుకుని కూర్చుని అన్నీ వింది. ప్రతి మాటకూ ఒకటే జవాబు: "చెయ్యను వదినా. ఎవరినీ చెయ్యనివ్వను కూడా. నా కూతురు పడింది నేను చూశాను." అత్త గొంతు చివరికి అలిసిపోయింది. ఇంతలో మనవరాలు బయటికి పరుగెత్తుకొచ్చి ఆడుకోవడానికి పోతానంది.

"జుట్టు విరబోసుకుని ఎక్కడికే?" అని అత్త దాన్ని పట్టుకుని, దువ్వెన తెచ్చి, మూతి ముడుచుకునే మంత్రసాని చేతికిచ్చింది. "నీ చేతులు అంత బాగుంటే ఆ జడేదో వేసి పంపు."

తిరిగి వస్తుంటే, వెంట వచ్చిన కూతురు తల్లి భుజం మీద చెయ్యి వేసి నడిచింది. "పాత గుడ్డలు ఉడకబెట్టి పెట్టుకో అమ్మా," అంది. "నొప్పులు రాగానే కబురు పెడతాను."